కంకి వేసిన తరువాత కర్ర పెరుగుతుందా?

మన కళాశాలలో చేరిన ప్రతి విద్యార్థీ ఏదో ఒక రాత్రి గోడకు వీపు ఆనించి, తలమీద స్కేలు పెట్టించుకొని, పెన్సిలుతో గీత గీయించుకొనే ఉంటాడు. "నేను గీయించుకోలేదు" అనేవాడి మాట నేను నమ్మను. మా ఇంటి దర్వాజ చెక్కమీద నావి మూడు గీతలున్నాయి. ఆ గీతల వెనుక ఉన్న శాస్త్రాన్ని, నా తెలివితక్కువతనాన్ని మిత్రులకు విన్నవించుకోవడానికే ఈ వ్యాసం.

మాది కండ్లకోయ. మేడ్చల్ పోయే దారిలో ఔటర్ రింగ్ రోడ్డు తగిలే చోటు. చుట్టూ కాలేజీలు, గోదాములు, వెంచర్లు. వాటి నడుమ మిగిలిన కొద్దిపాటి చెలకలో మా నాయిన జొన్న, మక్క, ఆకుకూరలు పండిస్తాడు. రెండు బర్రెలున్నాయి. పాలు తెల్లారకముందే కేంద్రానికి పోతాయి. నేను తెల్లవారుజామున సర్వీసు రోడ్డుమీద పరుగెత్తి, తరువాత బస్సెక్కి కాలేజీకి వస్తాను. ఈ పరుగు ఆరోగ్యం కోసం కాదు, కానిస్టేబులు ఉద్యోగం కోసం. 2022 నాటి నియామక ప్రకటనలో పురుషులకు కనీసపు ఎత్తు 167.6 సెం.మీ., స్త్రీలకు 152.5 సెం.మీ. అని ఉంది. ఒక సాయంత్రం కొలిపించుకుంటే నా ఎత్తు 166.4 వచ్చింది. తక్కువయింది పన్నెండు మిల్లీమీటర్లు! చిటికెన వేలి గోరంత.

ఆ గోరంత కోసం నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "ఆరు వారాల్లో రెండంగుళాలు" అన్న ప్రకటన చూసి, పుస్తకాలకని నాయిన దగ్గర 1,800 రూపాయలు తీసుకొని ఒక పొడి డబ్బా కొన్నాను. దాన్ని పాలలో కలుపుకోవాలట. "పిలగానికి సెలక్షన్లున్నయి" అని అమ్మ కేంద్రానికి పోయే పాలలోంచి రోజూ ఒక పెద్ద గ్లాసు నాకు తీసిపెట్టింది. పన్నెండేళ్ళ మా చెల్లెలు పక్కన కూర్చుని చాయ్ తాగేది. అప్పుడు నాకది కనబడలేదు.

నెల తిరిగాక ఒక ఉదయం లేస్తూనే కొలిపించుకున్నాను. 167.5! రెండవ గీత. ఎగిరి గంతేశాను. పొడి పనిచేసిందని దోస్తులకు చాటాను. సైన్సు విద్యార్థిని గనుక ఎందుకో అనుమానం వచ్చి ఆ సాయంత్రమే మళ్ళీ కొలిపించుకున్నాను. 166.4. మూడవ గీత సరిగ్గా మొదటి గీతమీదనే పడింది.

ఇందులో మంత్రమేమీ లేదు. మన వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులుంటాయి. రాత్రి పడుకున్నప్పుడు అవి నీరు పీల్చుకొని ఉబ్బుతాయి. పగలు నిలబడి, నడిచి, బరువులు మోస్తే నొక్కుకుపోతాయి. అందువల్ల ఏ మనిషైనా ఉదయం కన్నా సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు, కొందరు అంతకంటె ఎక్కువే, పొట్టి అవుతారు. భూమ్యాకర్షణ భారం లేని అంతరిక్షంలో వ్యోమగాములు కొన్ని సెంటీమీటర్లు సాగి, భూమికి తిరిగి రాగానే మళ్ళీ మామూలవుతారు. కడ్డీ పట్టుకొని వేలాడితే పెరుగుతామన్న నమ్మకానికి మూలం కూడా ఇదే. వేలాడినంతసేపు వెన్ను సాగుతుంది, దిగి నడిస్తే సర్దుకుంటుంది. పొడి అమ్మేవాడు సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి కొలిస్తే చాలు, అతని సరుకు అమ్ముడుపోతుంది.

అయితే ఎత్తు నిజంగా పెరిగేది ఎక్కడ? ఈ సంగతి నాకు కబడ్డీలో మణికట్టు బెణికినప్పుడు తెలిసింది. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి డాక్టరుగారు "ఎముక విరగలేదు బాబూ" అన్నారు. నేను బెణుకు సంగతి వదిలి "సార్, నేనింకా పొడుగైతనా?" అని అడిగాను. ఆయన నవ్వి, ముంజేతి ఎముక చివర వేలు పెట్టి చూపించారు. "ఎదిగే పిల్లలకు ఇక్కడ ఒక నల్లని సందు కనిపిస్తుంది. నీకది పూడిపోయింది."

ఆ సందు నిజానికి ఖాళీ కాదు. అక్కడ మృదులాస్థి పొర ఉంటుంది. దీనినే గ్రోత్ ప్లేటు అంటారు. తొడ, పిక్క, చేతుల పొడుగాటి ఎముకల చివర్ల దగ్గర ఇవి ఉంటాయి. వీటిలో కణాలు దొంతరగా పేర్చిన నాణేల్లా వరుస కట్టి, విభజన చెంది, ఉబ్బి, చివరికి సున్నం పట్టి ఎముకగా మారతాయి. పై నుంచి కొత్త కణాలు పుడుతుంటే కింద ఎముక తయారవుతూ ఉంటుంది. మనిషి ఎదగడమంటే ఇదే. దీనిని నడిపేవి పీయూష గ్రంథి నుండి వచ్చే ఎదుగుదల హార్మోను, థైరాయిడ్ హార్మోను, యౌవనంలో వచ్చే లైంగిక హార్మోనులు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. యౌవనంలో మనలను ఒక్కసారిగా పొడుగు చేసే హార్మోనులే ఆ పొరను మూసివేస్తాయి కూడా. ఆ పని చేసేది ముఖ్యంగా ఈస్ట్రోజెన్. స్త్రీలలోనే కాదు, పురుషులలో కూడా! ఇది 1994లో స్పష్టమయింది. శరీరం ఈస్ట్రోజెన్‌ను అందుకోలేని జన్యులోపం ఉన్న ఒక మనిషిని అమెరికాలో వైద్యులు పరీక్షించారు. అతని వయసు 28 సంవత్సరాలు, ఎత్తు 204 సెం.మీ. అతని గ్రోత్ ప్లేట్లు మూసుకోలేదు, అతను ఇంకా పెరుగుతూనే ఉన్నాడు.

సాధారణంగా ఆడపిల్లలు పన్నెండేళ్ళ ప్రాంతంలో అత్యంత వేగంగా, ఏడాదికి సుమారు 8 సెం.మీ. పెరుగుతారు. రజస్వల అయిన తరువాత మరి కొద్ది సెంటీమీటర్లే. మగపిల్లలకు ఆ వేగం పద్నాలుగేళ్ళ ప్రాంతంలో, ఏడాదికి సుమారు 9 సెం.మీ. ఆడపిల్లలకు పదహారు, మగపిల్లలకు పద్దెనిమిది దాటేసరికి చాలామందిలో ఎదుగుదల ముగుస్తుంది.

అంటే కాలేజీలో ఎవ్వరూ పెరగరా? అలా అనడమూ తప్పే. మీసాలు ఆలస్యంగా వచ్చినవాళ్ళు, తోటివారికంటె రెండేళ్ళు వెనకబడి యౌవనంలోకి వచ్చినవాళ్ళు పద్దెనిమిది, పంతొమ్మిదిలో, అరుదుగా ఇరవైలో కూడా ఒకటి రెండు సెంటీమీటర్లు పెరగవచ్చు. మొదటి సంవత్సరంలో కొనుక్కున్న ప్యాంటు మూడవ సంవత్సరంలో పొట్టి అయిందని చెప్పే మిత్రుడు అబద్ధం చెప్పడంలేదు. మెడ కింది జత్రుకాస్థి లోపలి కొస ఇరవై అయిదేళ్ళ వరకూ పూర్తిగా అతుక్కోకపోవచ్చు. కాని అది అడ్డంగా ఉండే ఎముక గనుక ఎత్తుకు ఉపకరించదు!

మరి ఆలస్యంగా ఎదిగేవాళ్ళు చివరికి అందరితో సమానం అవుతారా? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవారు మన పక్కనే ఉన్నారు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు కె.సత్యనారాయణ, ఆయన సహచరులు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల మగపిల్లలను అయిదేళ్ళ వయసు నుండి యౌవనం దాకా కొలుస్తూ వచ్చి, 1980లలో ఫలితాలు ప్రచురించారు. చిన్నతనంలో తిండి చాలక కుంగినవారిలో యౌవనపు ఎదుగుదల ఆలస్యంగా మొదలై, ఎక్కువకాలం సాగింది. అయినా అయిదేళ్ళనాడు ఉన్న లోటు పూడలేదు. బడికి పోయినవారికంటె కూలికి పోయిన పిల్లలు పొట్టిగా మిగిలారు.

రెండవ పరిశోధన నన్ను ఇంకా ఆలోచింపజేసింది. 1987-90 మధ్య హైదరాబాదు శివారు పల్లెలు 29 తీసుకున్నారు. పదిహేను పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు మక్క, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. మిగిలిన పద్నాలుగు పల్లెలకు ఆ కార్యక్రమం అప్పటికి రాలేదు. 2003-05లో ఆ పిల్లలు పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళ వయసులో ఉండగా మళ్ళీ కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఈ ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

పద్నాలుగు మిల్లీమీటర్లు! నాకు తక్కువయింది పన్నెండు. సగటు లెక్క ఒక్క మనిషికి వర్తించదని నాకూ తెలుసు. తల్లిదండ్రుల నుంచి వచ్చే వారసత్వం పాత్ర చాలా పెద్దదనీ తెలుసు. మా నాయిన ఏమంత పొడగరి కాడు. కాని వారసత్వం ఒక హద్దును గీస్తే, దాన్ని అందుకోవడం, అందుకోకపోవడం తిండి, శుభ్రమైన నీరు, జబ్బులు, చిన్ననాటి చాకిరి నిర్ణయిస్తాయి. 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీలకంటె 1996లో పుట్టిన వారు సుమారు 20 సెం.మీ. పొడుగు. నూరేళ్ళలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారింది కంచంలో అన్నం, ఇంటి చుట్టూ పరిసరాలు.

గ్రోత్ ప్లేట్లు మూసుకున్న తరువాత పెరగాలని చూస్తే ఏమవుతుంది? ఎదుగుదల హార్మోను ఇంజెక్షన్లు అతిగా తీసుకుంటే ఎత్తు పెరగదు, చేతులు, పాదాలు, దవడ లావెక్కుతాయి. ఇక మిగిలింది ఎముకను కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడం చేసే శస్త్రచికిత్స. అంగవైకల్యం ఉన్నవారికి అది వరమే. 2016లో మన నగరంలో ఒక యువకుడు కేవలం ఎత్తు కోసం ఇంట్లో చెప్పకుండా దానికి సిద్ధపడిన సంగతి పత్రికలకెక్కి, వైద్య మండలి విచారణ దాకా వెళ్ళింది.

ఇవన్నీ చదివిన రాత్రి అమ్మ ఎప్పటిలాగే పాలగ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నేను దాన్ని చెల్లెలి వైపు జరిపాను.

"నీకు వద్దా? సెలక్షన్లున్నయి కద రా" అంది అమ్మ.

"నాకు మూసుకపోయినయే అమ్మా. ఇప్పుడు పెరిగేది అది."

"ఆడపిల్ల గింతకన్న పొడుగైతే రేపు పిలగాడు యాడ దొరుకుతడు?"

చెల్లెలు తల వంచుకొని చాయ్ గ్లాసునే పట్టుకుంది. అప్పుడు నేను పొడి డబ్బా సంగతి, పుస్తకాలని తీసుకున్న పైసల సంగతి చెప్పేశాను. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తిడతాడనుకున్నాను. చివరికి అన్నాడు:

"కంకి ఏసినంక యూరియా సల్లితే జొన్న కర్ర పొడుగైతదారా? గంత సదివినవు, గిది నన్నడిగితే సెప్పకపోదునా?"

నిజమే. నేను తరగతిలో, ఎక్స్‌రే ఫిల్ములో, పత్రికల్లో వెదికిన జవాబు మా చెలకలోనే ఉంది. ఎరువు మంచిదే, వేసే అదను తప్పితే దండగ. ఆ తరువాత నాయిన అమ్మవైపు తిరిగి, "రేపటి సంది దానికి గూడ ఒక గ్లాసు తియ్యి. కేంద్రానికి గింత తక్కువ పోతే ఏమైతది" అన్నాడు.

మిత్రులారా! మనలో ఎక్కువమంది ఎత్తు ఇప్పటికే తేలిపోయింది. కాని కండ, ఎముకల గట్టిదనం ఇంకా మన చేతిలోనే ఉన్నాయి. ఎముకలో సున్నం ఇరవైలలో కూడా చేరుతూనే ఉంటుంది, పరుగు, వ్యాయామం వృథా పోవు. పొడి డబ్బాకు పెట్టే డబ్బు మీ దగ్గర ఉంటే మీ ఇంట్లో పదేళ్ళ తమ్ముడో, పన్నెండేళ్ళ చెల్లెలో ఉన్నారేమో చూడండి. కడుపుతో ఉన్న అక్క ఉంటే ఆమె కంచంలో ఏముందో చూడండి. అంగన్‌వాడీలో ఆమెకిచ్చే గుడ్డు, పాలు ఆమెకే అందుతున్నాయో లేదో అడగండి.

దర్వాజ మీద ఇప్పుడు నాలుగవ గీత, అయిదవ గీత ఉన్నాయి. అవి చెల్లెలివి, రెండూ సాయంత్రం పూట గీసినవే. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు. అది పాల మహిమ అని నేననను, ఆ వయసు మహిమే కావచ్చు. మొన్న గీత గీస్తుంటే "అన్నా, నేను పోలీసైతే ఎంతుండాలె?" అని అడిగింది. 152.5 దగ్గర పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. రోజూ బడికి పోయేముందు దాని కింద నిలబడి చూసుకుంటోంది.