నాయకులు పార్టీ మారితే మన ఓటు ఏమవుతుంది?



ఓటు వేసేటప్పుడు మనం గుర్తు చూస్తాం. సైకిలా, చెయ్యా, కంకీ కొడవలా అని చూసి వేస్తాం. కొందరం నాయకుడి మొహం తలుచుకుని వేస్తాం. మరి మనం గెలిపించిన మనిషి రేపు పార్టీ మారితే? ఎవరి మొహం చూసి ఓటు వేశామో ఆ నాయకుణ్ణే సొంత పార్టీ వాళ్ళు దించేస్తే? అప్పుడు మన ఓటు ఎవరిది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లు ఊరూరా ఈ ప్రశ్న మీద వాదులాడుకున్నారు. అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. ఆ కథ తెలుసుకుందాం. ముందు ఒక చిన్న సంగతి చూద్దాం.

ముఖ్యమంత్రిని ఎవరు ఎన్నుకుంటారు?

మనమే అనుకుంటాం. కానీ మనం ఎన్నుకునేది ఎమ్మెల్యేని. ఎమ్మెల్యేలందరూ కలిసి తమ నాయకుణ్ణి ఎన్నుకుంటారు. ఎవరి వెనుక సగం కంటే ఎక్కువ మంది ఉంటే వారిని గవర్నరు ముఖ్యమంత్రిగా పిలుస్తారు. దీన్నే మెజారిటీ అంటారు.

ఉమ్మడి రాష్ట్రంలో 294 మంది ఎమ్మెల్యేలు ఉండేవారు. అంటే 148 మంది కావాలి. 2014లో రాష్ట్రం రెండయింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది. అక్కడ 88 మంది, ఇక్కడ 60 మంది ఉంటే మెజారిటీ.

కాబట్టి ఎమ్మెల్యేలు అటూ ఇటూ జరిగితే ముఖ్యమంత్రి కుర్చీ కదులుతుంది. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటిసారి: 1984 ఆగస్టు

సినిమా నటుడు ఎన్.టి. రామారావు 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1983 జనవరిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చారు. ఆడవాళ్ళు ఆయనను తమ ఇంటి మనిషిలా చూసుకున్నారు.

1984లో ఆయన అమెరికా వెళ్ళి గుండెకు ఆపరేషను చేయించుకున్నారు. ఆయన తిరిగి వచ్చిన కొద్ది రోజులకే పార్టీలో చీలిక బయటపడింది. ఆయన మంత్రివర్గంలోని నాదెండ్ల భాస్కరరావు, మెజారిటీ నాకుంది అన్నారు. ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ రామారావును తొలగించి, భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు.

రామారావు తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజభవన్‌కు వెళ్ళారు. లెక్క పెట్టుకోండి అన్నారు. ఫలితం లేకపోయింది. ఎమ్మెల్యేలు చెయ్యిజారిపోకుండా వాళ్ళను కర్ణాటకకు తీసుకెళ్ళి ఉంచారు. ఇక్కడ జనం ఊరుకోలేదు. మా ఓటును మీరెట్లా మారుస్తారు అని రోడ్ల మీదికి వచ్చారు. మిగతా రాష్ట్రాల నాయకులు కూడా వచ్చి అండగా నిలబడ్డారు. గవర్నరును మార్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. 1985 మార్చిలో మళ్ళీ ఎన్నికలు పెట్టారు. జనం ఆయననే గెలిపించారు.

రెండోసారి: 1995 ఆగస్టు

1989లో కాంగ్రెసు గెలిచింది. ఆ తర్వాత సారా ఉద్యమం వచ్చింది. అది మన కథే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువు నేర్చుకుంటూ, పాఠంలో సారా గురించి చదివి, చర్చించుకుని, సారా కొట్టు మూయించారు. ఊరి నుంచి ఊరికి పాకి అది పెద్ద ఉద్యమమైంది. 1993 అక్టోబరులో కాంగ్రెసు ప్రభుత్వం సారా ఆపింది. 1994 ఎన్నికల్లో రామారావు, మద్యం మొత్తం ఆపేస్తాం అన్నారు. మళ్ళీ 2 రూపాయల బియ్యం అన్నారు. 200కు పైగా సీట్లు గెలిచారు. 1995 జనవరిలో మద్యం బంద్ అయింది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే పార్టీ చీలింది. ఈసారి చీలిక ఇంట్లో నుంచే వచ్చింది. రామారావు అల్లుడు, మంత్రి చంద్రబాబు నాయుడు ఒకవైపు. రామారావు, ఆయన భార్య లక్ష్మీపార్వతి ఒకవైపు. పార్టీ పనుల్లో ఆమె జోక్యం ఎక్కువైంది, పార్టీని కాపాడుకోవాలి అని చంద్రబాబు వైపు వాళ్ళు అన్నారు. ఇది వెన్నుపోటు అని రామారావు వైపు వాళ్ళు అన్నారు. ఎమ్మెల్యేలు హైదరాబాదులో వైస్రాయ్ హోటల్లో మకాం పెట్టారు. ఎక్కువ మంది చంద్రబాబు వైపు చేరారు. సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు చనిపోయారు.

ఆ రోజుల్లో ఇళ్ళల్లో మాటలు

ఒక అత్తా కోడలూ మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

అత్త: నేను రామారావును చూసి ఓటేశా. మన ఎమ్మెల్యే పేరు కూడా నాకు సరిగా తెలవదు. ఆయన్ని దించడానికి వీళ్ళెవరు?

కోడలు: ఓటు పడింది ఎమ్మెల్యేకే గదా అత్తా. వాళ్ళలో ఎక్కువ మంది వద్దంటే నాయకుడు ఎట్టా ఉంటాడు?

అత్త: వాళ్ళు గెలిచింది ఎవరి పేరు చెప్పి? నాయకుడు నచ్చకపోతే రాజీనామా చేసి మళ్ళీ మన దగ్గరికి రావాల్సింది.

కోడలు: నచ్చనప్పుడల్లా ఎన్నికలంటే ఎట్టా కుదురుద్ది? పార్టీ పెట్టినాయనైనా పదిమంది మాట వినాలి గదా!

అత్త: ఆ పదిమంది మాట హోటల్లో తేల్చుకున్నారు. మనల్ని ఎవరడిగారు పిల్లా?

కోడలు: నిజమే, మనల్ని ఎవరూ అడగలా. ఇంతకీ మద్యం బంద్ ఉంటదా, పోతదా? బియ్యం రేటు నిలబడుద్దా? నాకు కావాల్సింది అది.

ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. రూలు ప్రకారం కోడలి మాట నిజం. న్యాయం అడిగితే అత్త మాటలో బలం ఉంది. చదువుకున్నవాళ్ళు కూడా దీని మీద నేటికీ ఒక మాట మీద లేరు. కానీ కోడలు చివర అడిగిన ప్రశ్న చూడండి. అది చాలా పెద్ద ప్రశ్న. 1996లో కిలో బియ్యం 2 రూపాయల నుంచి 3 రూపాయల 50 పైసలు అయింది. 1997లో మద్యం బంద్ ఎత్తేశారు. ఖజానాకు రాబడి తగ్గిపోయింది అని ప్రభుత్వం చెప్పింది. బంద్ కోసం పోరాడిన ఆడవాళ్ళు బాధపడ్డారు. అయినా 1999లో చంద్రబాబు పార్టీ మళ్ళీ గెలిచింది. 2004లో ఓడింది. ప్రతిసారీ ఓటరు తన లెక్క తాను వేసుకుంది.

ఇంకొక మాట. రాజకీయాల్లో ఆడమనిషి కనబడితే చాలు, అన్నిటికీ ఆమెనే తిడతారు కొందరు. మగ నాయకుడైనా, ఆడ నాయకురాలైనా చేసిన పని చూసి మాట్లాడాలి. మెచ్చినా అంతే, తప్పు పట్టినా అంతే.

పార్టీ చీలితే గుర్తు ఎవరికి?

పెద్దవాళ్ళను అడగండి. కాంగ్రెసుకు మొదట జోడెడ్ల గుర్తు ఉండేది అంటారు. 1969లో పార్టీ చీలింది. 1971లో ఇందిరాగాంధీ పార్టీ ఆవు దూడ గుర్తుతో నిలబడింది. 1978లో మళ్ళీ చీలాక చెయ్యి గుర్తు వచ్చింది.

పార్టీ చీలి, రెండు వైపులా గుర్తు మాదంటే మాది అంటే ఎన్నికల సంఘం తేలుస్తుంది. పార్టీలో ఎక్కువ మంది, ఎమ్మెల్యేల్లో, ఎంపీల్లో ఎక్కువ మంది ఎటు ఉన్నారో చూస్తుంది. 1995 చీలిక తర్వాత సైకిలు గుర్తు చంద్రబాబు వైపే నిలిచింది.

కాబట్టి పాత గుర్తు కనబడగానే పాత మనుషులే ఉన్నారు అనుకోకూడదు. గుర్తు పక్కన పేరు కూడా ఉంటుంది. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. పేరు చదవాలి.

చట్టం ఏమంటుంది?

1985లో దేశానికంతా ఒక చట్టం వచ్చింది. దాన్ని పార్టీ ఫిరాయింపుల చట్టం అంటారు. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలోకి పోతే పదవి పోతుంది. సభలో పార్టీ చెప్పినట్టు ఓటు వేయకపోయినా పదవి పోవచ్చు.

మొదట్లో ఒక సందు ఉండేది. మూడింట ఒక వంతు మంది కలిసి చీలితే పదవి పోయేది కాదు. 2003లో చట్టం సవరించి ఆ సందు మూశారు. ఇంకో సందు మిగిలింది. మూడింట రెండు వంతుల మంది కలిసి ఇంకో పార్టీలో విలీనమైతే పదవి పోదు. 2019లో తెలంగాణలో ఇదే జరిగింది. సభలో 18 మంది కాంగ్రెసు ఎమ్మెల్యేలు ఉంటే 12 మంది తెరాసలో కలిశారు. 18లో మూడింట రెండు వంతులు ఎంత? మీరే లెక్క వేసి చూడండి.

పదవి ఉందా, పోయిందా అని తేల్చేది సభ స్పీకరు. ఆలస్యం చేస్తే అయిదేళ్ళు గడిచిపోతాయి. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలి అని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో మంచి తీర్పు 1994లో వచ్చింది. మెజారిటీ ఉందో లేదో రాజభవన్‌లో కాదు, శాసనసభలో అందరి ముందూ తేలాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. 1984లో మనవాళ్ళు రోడ్డెక్కి అడిగింది కూడా ఇదే.

నాయకులు కలుస్తారు, మనం విడిపోతాం

ఒకటి గమనించండి. నిన్న తిట్టుకున్న నాయకులు ఈ రోజు ఒకే వేదిక మీద కూర్చుంటారు. ఊళ్ళో మాత్రం వాళ్ళ కోసం కొట్టుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోరు. పెళ్ళికి పిలవరు. చావుకు పోరు. నాయకుడి దండ వాడిపోతుంది. మన పగ వాడదు.

ఇంట్లో కూడా అంతే. మొగుడు ఒక పార్టీ, పెళ్ళాం ఒక పార్టీ కాకూడదా? తప్పకుండా కావచ్చు. ఓటు ఇంటికి ఒకటి కాదు, మనిషికి ఒకటి. 18 ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఒకటి. మీరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. మిషను మీద మీట నొక్కాక పక్కన అద్దంలో ఒక చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. అది మీకు మాత్రమే కనబడుతుంది. తర్వాత పెట్టెలో పడిపోతుంది. ఎవరైనా "నీ ఓటు మాకు తెలిసిపోతుంది" అని బెదిరిస్తే నమ్మకండి.

మనం ఏం చేయాలి?

ఓటు అడగడానికి వచ్చినప్పుడే అడగండి. "గెలిచాక పార్టీ మారతావా? మారితే రాజీనామా చేసి మళ్ళీ మా దగ్గరికి వస్తావా?" అని పదిమంది ముందు అడగండి.

ఇచ్చిన మాటలు ఒక కాగితం మీద రాసుకోండి. తేదీ వేయండి. బియ్యం, నీళ్ళు, బడి, మద్యం, కూలి రేటు, ఏది చెప్పినా రాయండి. మళ్ళీ వచ్చినప్పుడు ఆ కాగితం తీసి చదవండి.

మారిన మనిషి మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. అది మీ ఇష్టం. కానీ ఎందుకు మారాడో తెలుసుకునే హక్కు మీది.

నచ్చిన నాయకుణ్ణి అభిమానించండి. తప్పు లేదు. కానీ అభిమానం ఒక చేతిలో ఉంటే, రెండో చేతిలో ప్రశ్న ఉండాలి.

చదివాక చర్చించండి

1. అత్త చెప్పింది న్యాయమా, కోడలు చెప్పింది న్యాయమా? ఎందుకు?

2. మీరు ఓటు వేసేది నాయకుడికా, పార్టీకా, ఊరి మనిషికా?

3. పార్టీ మారిన ఎమ్మెల్యే వెంటనే రాజీనామా చేయాలా? చేస్తే లాభం ఏమిటి, నష్టం ఏమిటి?

4. మీ ఊరికి ఇచ్చిన మాటలు ఏమిటి? అయిదు రాయండి. ఎన్ని నిలబడ్డాయో పక్కన రాయండి.