మెదడులోని ‘బ్రేకులు’ ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది?

మెదడులో నాడీకణాలు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగితే మూర్ఛ వస్తుంది. అందుకే గాబా అనే రసాయనం వాటికి బ్రేకు వేస్తుంది. అది నాడీకణంపై ఉండే గాబా-ఎ గ్రాహకం అనే ప్రొటీన్‌కు అతుక్కోగానే క్లోరైడ్ అయాన్లు కణంలోకి వెళ్తాయి, కణం శాంతిస్తుంది. బైకుకులిన్ అనే పదార్థం గాబా పనిని అడ్డుకుంటుందని 1970లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో డేవిడ్ కర్టిస్, గ్రాహం జాన్‌స్టన్ బృందం చూపింది.

మరి మెదడులో ఈ గ్రాహకాలు ఎక్కడున్నాయో చూసేదెలా? గ్రాహకంలోని చిన్న భాగాన్ని కుందేలుకు ఎక్కిస్తే, దానికే అతుక్కునే యాంటీబాడీలు తయారవుతాయి. పలుచగా కోసిన మెదడు ముక్కపై వాటిని వేసి, ఆపై వాటిని పట్టుకునే మెరిసే రంగున్న మరో యాంటీబాడీ వేస్తారు. సూక్ష్మదర్శినిలో గ్రాహకాలున్న చోట్లు మెరుస్తాయి.

యాంటీబాడీ పొరపాటున వేరే ప్రొటీన్‌కూ అతుక్కోవచ్చు. అందుకే ఆ గ్రాహకం లేని ఎలుక మెదడుపైనా పరీక్షిస్తారు. అక్కడ మెరుపు రాకపోతేనే ఆ యాంటీబాడీని నమ్మాలి.