దూరాన నిలిచిన ప్రేమ

రోగిని చూడడానికి వెళ్తే తనను చూసినట్టేనన్నాడు యేసుక్రీస్తు (మత్తయి 25:36). అందుకే మన కృష్ణా డెల్టాలో ఎవరికి ఆపరేషన్ జరిగినా, పండ్లు పట్టుకుని పదిమందిమీ వెళ్లి మంచం చుట్టూ చేరి ప్రార్థన చేయడం మన సంఘాల్లో తరతరాల అలవాటు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలవడంతో ఆ అలవాటుకు గండి పడింది. ఆ ఏడాది ఏప్రిల్ 12న, ఈస్టర్ నాడు కూడా మన చర్చిల్లో ఆరాధనలు జరగలేదు.

ఆ రోజుల్లో గుండె ఆపరేషన్ చేయించుకున్నవారి సంగతి ఆలోచించండి. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో విజయవాడ వచ్చి, బైపాస్ చేయించుకుని ఇల్లు చేరినవారికి అసలు పరీక్ష అక్కడే మొదలైంది. కోసి, తీగతో బిగించి కట్టిన రొమ్ము ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నీళ్ల బిందె ఎత్తకూడదు. దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకోవాలి. రోజూ కొద్దికొద్దిగా నడక పెంచాలి. ఒళ్లు కోలుకుంటున్నా మనసును దిగులు కమ్మడం చాలామందిలో ఉండేదే. పైగా గుండెజబ్బు ఉన్నవారికి కరోనా సోకితే ప్రాణాపాయం ఎక్కువ. తోటి మనిషి ఎంతో అవసరమైన సమయంలోనే, మనిషి దగ్గరకు రావడం ప్రమాదమైంది. 'విశ్వాసికి మాస్కెందుకు?' అన్నారు కొందరు. 'ఒక్కరూ రాలేదు' అని నొచ్చుకున్నారు మరికొందరు.

మరి దూరం పాటిస్తే ప్రేమ లేనట్టా? బంధకాల్లో ఉన్న పౌలుకు ఫిలిప్పీ సంఘం పంపిన కానుకలు తెచ్చిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడు. అతనిలో విశ్వాసం కొరవడిందని పౌలు అనలేదు. దేవుడు అతన్నీ, తననూ కనికరించాడని రాశాడు (ఫిలిప్పీ 2:25-30). తన జబ్బు సంగతి ఫిలిప్పీలో తెలిసిందని ఎపఫ్రొదితే ఎంతో బెంగపడ్డాడు. ఎంత దూరమున్నా ఆ బంధం తెగలేదు. 1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ ఊరు విడవకుండా రోగులకు సేవ చేశాడు. అయినా తాను మందు వాడతానని, తన అవసరం లేని చోటికి వెళ్లి ఇంకొకరికి రోగం అంటించనని, పొరుగువాడికి అవసరమైతే మాత్రం తప్పక వెళ్తానని రాశాడు. ఆ జాగ్రత్తా విశ్వాసమే, ఆ తెగువా విశ్వాసమే!

కాబట్టి ఆనాడు ఫోనులో ప్రార్థన చేసినవారు, మందులు కొని తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లినవారు రోగిని చూసి వచ్చినట్టే.

కరోనాపై అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మనం మళ్లీ గుంపుగా పరామర్శకు వెళ్తున్నాం. జలుబుతోనే వెళ్లి, గంటసేపు కూర్చుని, ఆపరేషన్ కథంతా చెప్పించుకుని, రోగిని అలసిపోజేసి వస్తే అది ఎవరి తృప్తి కోసం? మొదటి వారం వచ్చిన జనం రెండో నెలలో కనబడరు. సాయంత్రం కాలవగట్టు మీద తనతోపాటు నాలుగడుగులు నడిచే ఒక్క మనిషి కోసం అప్పుడు రోగి ఎదురుచూస్తుంటాడు. పరామర్శ మన తీరికను బట్టి కాదు, రోగి అవసరాన్ని బట్టి జరగాలి. అవసరమెరిగి దగ్గరకెళ్లడమూ ప్రేమే, అవసరమెరిగి దూరాన నిలవడమూ ప్రేమే!