శంషాబాద్ నుంచి చికాగోకు ఒకే ఎగురు

సూర్యాపేటలోనో కోదాడలోనో శంషాబాద్ ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పేవాళ్లు తక్కువ. "మూడు గంటల దారి, చౌటుప్పల్ దగ్గర ఆగిపోకుంటే" అంటారు. మిర్యాలగూడ వాళ్లూ నార్కట్‌పల్లి దగ్గర ఇదే రోడ్డెక్కుతారు. విమానం దూరాన్ని మాత్రం మనం కిలోమీటర్లలో వెతికి, వేగంతో భాగించి చూసుకుంటాం. హైదరాబాద్ నుంచి చికాగో దాదాపు 13,300 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పదిహేను గంటల లోపే చేరాలి.

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం మొదలుపెట్టింది. మధ్యాహ్నం 12:50కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 6:05కి చేరడం! చికాగో గడియారం అప్పుడు మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, అసలు ప్రయాణం 16 గంటల 45 నిమిషాలు. తిరుగు ప్రయాణం గంట తక్కువ. విమానం ఎగిరే ఎత్తున గాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. వచ్చేటప్పుడు అవి వెనక నుంచి తోసే దారిని ఎంచుకోవచ్చు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి: అట్లాంటిక్ మీదుగా అడ్డంగా కాదు, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, ఆర్కిటిక్ మంచు మీదుగా పోతుంది.

ఆ పనికి వాడిన విమానం బోయింగ్ 777-200ఎల్ఆర్. 2005 నవంబరులో ఇదే రకం విమానం హాంకాంగ్ నుంచి తూర్పు ముఖంగా, పసిఫిక్, అట్లాంటిక్ రెండూ దాటి లండన్ చేరింది: 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు, ఎక్కడా దిగకుండా.

దాని జీఈ90 ఇంజిన్ మూలాలు 1973 చమురు సంక్షోభం తర్వాత నాసా చేయించిన ఇంధన పొదుపు ప్రయోగాల్లో ఉన్నాయి. ముందున్న ఫ్యాన్ అడ్డకొలత మూడుంపావు మీటర్లు. రెక్కలు 22, కార్బన్ పోగులతో చేసినవి. అది లాగే గాలిలో చాలా భాగం మంట దగ్గరికే పోదు. చుట్టూ తిరిగి వెనక్కి పోతూ విమానాన్ని ముందుకు నెడుతుంది. కొంచెం గాలిని మహావేగంగా తోయడం కంటే ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే ఇంధనం ఆదా.

ఎంత ఆదా చేసినా టాంకులు నిండితే 1,81,283 లీటర్లు, దాదాపు 145 టన్నులు. విమానం ఎగరగల గరిష్ఠ బరువే 347 టన్నులు. పదహారో గంటలో మండాల్సిన ఇంధనాన్ని మొదటి పదిహేను గంటలూ మోయాలి. ఆ మోతకు మరికొంత ఇంధనం తగలెయ్యాలి. ఈ రకం విమానాలు ప్రపంచం మొత్తం మీద అరవై చిల్లరే అమ్ముడుపోవడానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. 2007లో ఎయిర్ ఇండియాకు అందిన మొదటి దానికి 'ఆంధ్రప్రదేశ్' అని పేరు పెట్టారు. హైదరాబాద్–చికాగో దారి మొదలయ్యేసరికి అది ఎతిహాద్ విమాన సంస్థ చేతికి పోయింది.

చికాగో నేరు విమానమూ ఎక్కువ కాలం నడవలేదు. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా గల్ఫ్‌లో మారి వెళ్తున్నారు. దుబాయ్‌కి 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి చికాగోకి 11,640. కలిపితే నేరు దారి కంటే 900 ఎక్కువ, అంటే గాల్లో ఒక గంట. మిగతా ఆలస్యమంతా దుబాయ్ ఎయిర్‌పోర్టు కుర్చీల్లోనే.