పొంగిన పూరీ ఎవరికి?

ఆదివారం పొద్దున్నే "ఇవాళ టిఫిను పూరీ" అన్నామంటే చాలు, ఇంట్లో ఎవరినీ రెండోసారి లేపక్కర్లేదు. పూరీ రుచంతా ఆ వేడిలోనూ, ఆ పొంగులోనూ ఉంది. వేలితో పొడిస్తే ఆవిరి బుస్సుమని రావాలి. చల్లారితే తోలులా సాగుతుంది. మరి అలాంటి వేడి పూరీ మీరు కూర్చుని తిని ఎన్నాళ్ళయింది?

ముందు పూరీ ఎందుకు పొంగుతుందో చెబుతాను. కాగిన నూనెలో పడగానే పిండిలోని తడి ఆవిరవుతుంది. ఈలోగా పైపొర బిగుసుకుంటుంది. బయటికి దారి దొరక్క ఆ ఆవిరే పూరీని పొంగిస్తుంది. ఎక్కడ చిల్లు ఉన్నా ఆవిరి పోయి పూరీ చప్పబడుతుంది.

2 గ్లాసుల గోధుమపిండికి 2 చెంచాల బొంబాయి రవ్వ, తగినంత ఉప్పు, ఒక చెంచా నూనె వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా గట్టిగా కలపండి. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు ఉంచండి. నిమ్మకాయంత ఉండలు చేసి, పీటకి కాస్త నూనె రాసి ఒత్తండి. పొడిపిండి చల్లితే అది నూనె అడుగున మాడి పూరీలకి నల్లగా అంటుకుంటుంది. అంచులూ మధ్యా ఒకే మందంగా ఉండాలి. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలేంతగా నూనె కాగాలి. పూరీ వేసి చిల్లుల గరిటెతో మెల్లగా నొక్కండి. కాగని నూనెలో వేస్తే పొంగదు సరికదా, నూనె తాగేస్తుంది. మిగిలిన నూనె వడగట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేయండి. మళ్ళీ మళ్ళీ కాచిన నూనె ఒంటికి మంచిది కాదు.

ఇక నంజుకోవడానికి మన వైపు ఉల్లిపాయలు దండిగా వేసిన బంగాళాదుంప కూర ఉండనే ఉంది. తొందరగా కావాలంటే శనగపిండితో చేసే బొంబాయి చట్నీ. మహారాష్ట్రలో శ్రీఖండ్‌తో తింటారు, గుజరాత్‌లో మామిడి రసంతో. బెంగాలీల లూచీ మైదాతో తెల్లగా ఉంటుంది. ఉత్తరాదిన నవరాత్రుల్లో అష్టమికో నవమికో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి కాళ్ళు కడిగి, పూరీ, శనగలు, హల్వా పెడతారు. ఆ రోజు మొదటి పూరీ ఆడపిల్లకే!

ఇన్ని తెలిసిన నేను, పెళ్ళయిన పదిహేనేళ్ళదాకా పొంగిన పూరీ వేడిగా తిన్నది లేదు. మంచివి మామగారికీ, ఆయనకీ, పిల్లలకీ. పొంగనివి, మాడినవి, చివర్లో చల్లారినవి నావి. ఎవరూ తినొద్దనలేదు. మా అమ్మా అంతే, మా అత్తగారూ అంతే, నేనూ అంతే.

ఒకరోజు మా చిన్నమ్మాయి పక్కింటి పిల్లలతో గుజ్జనగూళ్ళు ఆడుతోంది. అప్పటికి దానికి ఏడేళ్ళు. ఆకులే పూరీలు. అందరికీ వడ్డించి, చిరిగిన ఆకు తన ముందు పెట్టుకుంది. "అదేంటే, నీకు మంచిది లేదా?" అన్నాను. "నేను అమ్మని కదా! అమ్మకి పొంగనిదే" అంది. నాకు నోట మాట రాలేదు. పూరీ చెయ్యడం నేర్పకముందే నేను దానికి ఇది నేర్పేశానన్నమాట!

వచ్చే ఆదివారం నుంచే పద్ధతి మార్చాను. పిండి కలపడం నాది, ఒత్తడం పిల్లలది. సగం అయ్యాక గరిటె ఆయన చేతికిచ్చి నేను పళ్ళెం ముందు కూర్చున్నాను. మొదటి వారం ఆయన వేసినవి ఒక్కటీ పొంగలేదు. "మగాణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టడమేంటో" అని అత్తగారు గొణిగారు. మూడో వారం ఆయన ఆవిడ పళ్ళెంలో బాగా పొంగిన పూరీ తెచ్చి వేశారు. ఆవిడ వేలితో పొడిచి, ఆవిరి పోయేదాకా దాన్నే చూసి, "ఇంకోటి వెయ్యరా" అన్నారు.

మీ ఇంట్లో గరిటె అందుకునేవాళ్ళు ఎవరూ లేకపోయినా సరే, అందరికీ ఒక వాయి పెట్టగానే స్టవ్ ఆపి, పొంగింది ఒకటి మీ పళ్ళెంలో వేసుకుని కూర్చోండి. ఇంట్లోవాళ్ళు రెండు నిమిషాలు ఆగుతారు. పొంగిన పూరీయే ఆగదు.