పెరిగింది నేరాలా... కేసులా?

పరీక్షల కాలం వచ్చిందంటే కోనసీమలోని ఐనవిల్లి విఘ్నేశ్వరుడి గుడిలో కలాలకు పూజ. రాశులుగా పోసిన పెన్నుల్ని స్వామి ముందుంచి పిల్లలకు పంచుతారు. ఆ కలం పట్టుకున్నవాళ్లలో రేపు ఒకరు ఎస్సై కావచ్చు, ఇంకొకరు లాయరు. లెక్కలంటే భయపడి ఆర్ట్స్‌లో చేరి, అట్నుంచి అటే లా కాలేజీకో క్రిమినాలజీ కోర్సుకో వెళ్లేవాళ్లూ ఉంటారు. తీరా వెళ్తే అక్కడా స్టాటిస్టిక్సే! నేరానికీ సగటుకీ ఏం సంబంధం అన్నది వాళ్ల మొదటి ప్రశ్న.

జవాబు సూత్రంతో మొదలుపెడితే క్లాసు సగం నిద్రపోతుంది. హెడ్డింగుతో మొదలుపెట్టాలి. ఒక మండలంలో నిరుడు రెండు దొంగతనాలు, ఈ ఏడు నాలుగు అనుకుందాం. 'నూరు శాతం పెరిగిన చోరీలు' అనొచ్చు. (పత్రికలకు ఇలాంటి హెడ్డింగులంటే మహా ఇష్టం.) పెరిగినవి మాత్రం రెండే. అవైనా నిజంగా పెరిగాయా? కొబ్బరితోటలో నాలుగు గెలలు పోతే స్టేషన్‌ మెట్లెక్కే రైతులెందరు? కొత్త ఎస్సై వచ్చి, తెచ్చిన ప్రతి ఫిర్యాదూ నమోదు చేస్తే కాగితం మీద నేరాలు పెరుగుతాయి. ఊళ్లో తగ్గి ఉండొచ్చు కూడా. 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల బ్యూరో తన నివేదికల్లోనే ఈ సంగతి హెచ్చరిస్తుంది. అంతేకాదు, ఒకే ఎఫ్‌ఐఆర్‌లో హత్యా దొంగతనం రెండూ ఉంటే హత్య కిందే లెక్క.

మరి అసలు లెక్క తెలిసేదెలా? ఇళ్లకెళ్లి అడగాలి. అమెరికాలో 1973 నుంచీ, బ్రిటన్‌లో 1982 నుంచీ అలా సర్వేలు చేస్తున్నారు. ఎవర్ని అడుగుతున్నామన్నదే ఇక్కడ కీలకం. ముక్తేశ్వరం రేవులో పొద్దున్నే పంటు ఎక్కేవాళ్లను మాత్రమే అడిగితే, గడప దాటని ముసలమ్మల మాట లెక్కలోకి రాదు.

ఇదంతా మార్కుల కోసమేనా అనుకునేవాళ్లకు శాలీ క్లార్క్‌ కథ చెప్పాలి. ఇంగ్లండులో ఆమే ఒక లాయరు. 1996లో ఒకరు, 1998లో ఒకరు... ఇద్దరు పసిబిడ్డలు ఉయ్యాల ప్రాయంలోనే పోయారు. తల్లే చంపిందని కేసు. ఇలాంటి ఇంట్లో ఓ బిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరూ అలా పోవడం 7.3 కోట్లలో ఒకటి అని ఓ పేరున్న పిల్లల డాక్టరు సాక్ష్యం చెప్పాడు. 8,543ని 8,543తో గుణించాడంతే! ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇల్లు, ఒకే రక్తం. నాణెం ఎగరేసినట్టు ఒకదానికొకటి సంబంధం లేని సంఘటనలా అవి? పైగా ఓ తల్లి ఇద్దరు బిడ్డల్ని చంపడమూ అంతే అరుదు కదా, దాంతో పోల్చినవాళ్లు లేరు. 1999లో యావజ్జీవ శిక్ష పడింది. 2001లో రాయల్‌ స్టాటిస్టికల్‌ సొసైటీ ఆ లెక్క తప్పని బహిరంగంగా ప్రకటించింది. బయటికి రాని ఓ ల్యాబ్‌ రిపోర్టు కూడా బయటపడ్డాక, 2003లో ఆమె విడుదలైంది. 2007లో కన్నుమూసింది. కోర్టు హాల్లో ఆ గుణకారాన్ని అక్కడికక్కడే గట్టిగా నిలదీసి ఉంటే?

మనకూ ఇది దూరపు మాట కాదు. హైదరాబాద్‌ సీసీఎంబీలో లాల్జీ సింగ్‌ 1980ల చివర్లో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని అభివృద్ధి చేశాక, అలాంటి నివేదికలు మన కోర్టులకూ వస్తున్నాయి. ఇన్ని కోట్లలో ఒక్కరికే ఈ పోలిక ఉంటుందన్న అంకె చూడగానే ఎవరైనా నోరు మూసుకుంటారు. అప్పుడు లాయరు లేచి అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది: ''నిందితుడికి అన్నదమ్ములున్నారా?''