పళ్లు బాగానే ఉన్నాయంటే ఎంతవరకు నమ్మాలి?

పళ్లెలా ఉన్నాయని అడిగితే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: “నొప్పేం లేదు, బాగానే ఉన్నాయి.” ఆ మాటలో నిజమెంతో చూడటానికి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 2009లో జరిగిన పెద్దల దంత ఆరోగ్య సర్వే బాగా పనికొస్తుంది. 16 ఏళ్లు, ఆపైన వయసున్న 11,380 మందిని ప్రశ్నలడిగారు. సొంత పళ్లున్నవారిలో 6,469 మంది నోళ్లను డెంటిస్టులు పరీక్షించారు. స్కాట్లండ్ ఇందులో చేరలేదు.

సొంత పళ్లున్న ప్రతి 100 మందిలో దాదాపు 70 మంది తమ నోటి ఆరోగ్యం బాగుందనో, చాలా బాగుందనో చెప్పారు. పరీక్షలో 31 మందికి పుచ్చు కనిపించింది. 45 మందికి పంటికీ చిగురుకీ మధ్య 4 మిల్లీమీటర్లు, అంతకుమించిన లోతున పాకెట్లు ఉన్నాయి. చిగుళ్లు పూర్తి ఆరోగ్యంగా ఉన్నవారు 17 మందే.

జనానికి తమ నోటి సంగతి తమకే తెలియదని ఇక్కడే తేల్చేయడం తొందరపాటు. బాగుందన్న 70కి పుచ్చున్న 31 కలిపితే 101. అంటే పుచ్చున్నవారిలో ఒక్కరు తప్ప అందరూ బాగుందని చెప్పని 30 మందిలోనే ఉండొచ్చు! అలా ఉంటుందని నేననుకోను గానీ, ఈ మొత్తాలు చూసి కాదని చెప్పలేం. అదే పాకెట్ల 45 కలిపితే 115 అవుతుంది. కాబట్టి ‘బాగుంది’ అన్నవారిలో కనీసం 15 మందికి పాకెట్లున్నట్టే. ఇక పూర్తి ఆరోగ్యం లెక్క తీసుకుంటే, ఆ 17 మందీ బాగుందన్నవారే అనుకున్నా, ఇంకా 53 మంది మిగులుతారు.

15 ఎక్కడ, 53 ఎక్కడ? ఆరోగ్యమని దేన్నంటామన్న దాన్నిబట్టే అంత తేడా. ఎక్కడా రక్తం రాకూడదు, గార ఉండకూడదు, పాకెట్ ఉండకూడదు అన్నది ఆ 17 మంది నెగ్గిన పరీక్ష. ఏ పంటి వెనకో కాస్త గార ఉన్నా ఫెయిలే. నా మటుకు నేను 53 కంటే 15నే ఎక్కువ పట్టించుకుంటాను. గార క్లీనింగ్‌తో పోతుంది, పాకెట్ కింద కరిగిన ఎముక అంత తేలిగ్గా తిరిగి రాదు.

తోముకోవడం లెక్క ఇంకా విచిత్రం. రోజుకు కనీసం రెండుసార్లు తోముకుంటామన్నవారు 75 మంది. ఒక్క పంటి మీదైనా పాచి కనిపించినవారు 66 మంది. అంటే రెండుపూటలా తోముకుంటున్నా పాచి పోనివారు 100కి కనీసం 41 మంది. వాళ్లు అబద్ధమాడారనక్కర్లేదు. ఎన్నిసార్లన్నది గుర్తుంటుంది, బ్రష్ ఎక్కడ తగల్లేదో తెలియదు.

పాకెట్ కొలిచే పనిముట్టు సన్నటి పుల్లలాంటిది. కొసన అర మిల్లీమీటరు గుండు, 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా నల్లటి పట్టీ. పంటి పక్కన మెల్లగా దించినప్పుడు ఆ పట్టీ చిగురు లోపలికి వెళ్తోందంటే పాకెట్ ఉన్నట్టు. అద్దంలో అది కనపడదు, చాలాకాలం నొప్పీ పుట్టదు. పంటి పై పొరలో నరాలు లేవు కాబట్టి పుచ్చు అక్కడున్నంతకాలం పన్ను జివ్వుమనదు. పొగతాగేవాళ్ల సంగతి మరీ ఘోరం: వాళ్ల చిగుళ్లలో రక్తం కారడమే తగ్గిపోతుంది, జబ్బు మాత్రం ఎక్కువ.

అలాగని అడగడం దండగేం కాదు. ఎన్ని పళ్లున్నాయి, కట్టుడు పళ్లున్నాయా అంటే జనం చెప్పేది పరీక్షకు చాలా దగ్గరగా ఉంటుంది. అమెరికాలో 2009-10 జాతీయ సర్వేలో ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలిచి, 30 ఏళ్లు, ఆపైన వయసున్నవారిలో 47.2 శాతం మందికి చిగుళ్ల జబ్బు ఉందని తేల్చారు. అందులోనే ఎనిమిది ప్రశ్నలూ అడిగి, జవాబులకు వయసు, పొగ అలవాటు వంటివి జోడిస్తే జబ్బు ఎంతమందికుందో అంచనాకు అందుతుందని చూశారు. మీ పళ్ల చుట్టూ ఎముక తగ్గిందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా అన్నది వాటిలో ఒకటి.

డాక్టర్ మొహమే చూడనివారు కూడా దానికి ‘లేదు’ అనే అంటారు. మొదట చెప్పుకున్న ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ సర్వేలో మామూలు చెకప్‌కు వెళ్తామన్నవారు 61 శాతం, బాధ పుడితేనే వెళ్తామన్నవారు 27 శాతం.